మున్సిపాలిటీ చెట్టు కారు మీద కూలింది, నష్టం ఎవరిని అడగాలి?

చిత్తూరు జిల్లాలోని ఒక పట్టణం నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టొద్దని కోరారు. ఆమె ఇంట్లోనే కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతారు. భర్త రోజూ తిరుపతికి వెళ్లి ఒక అంగడిలో లెక్కలు చూస్తారు. ఫైనాన్స్ మీద ఒక పాత కారు కొన్నారు. ఆర్సీ ఆమె పేరు మీదే ఉంది. అత్తగారికి గుండె జబ్బు ఉండటంతో రెండు నెలలకోసారి వేలూరు ఆస్పత్రికి తీసుకెళ్లాలి. కారు కొన్నది ముఖ్యంగా అందుకే. ఆదివారాలు తెలిసినవాళ్లు ఎవరైనా అడిగితే భర్త బాడుగకు కూడా పోయేవారు.

కార్తీకమాసంలో ఒక రాత్రి, ఇంటి ముందు రోడ్డు పక్కన నిలిపిన కారు మీద పాత నిద్రగన్నేరు చెట్టు వేళ్లతో సహా కూలింది. ఆ రాత్రి చినుకులు తప్ప గాలివాన లేదని రాశారు. పైకప్పు నొక్కుకుపోయింది, ముందు అద్దం పగిలింది, రెండు డోర్లు తెరుచుకోవడం లేదు. షెడ్డులో 1,40,000 రూపాయల ఎస్టిమేటు ఇచ్చారు. మరుసటి రోజు మున్సిపాలిటీ ట్రాక్టరు వచ్చి దుంగలు కోసి ఎత్తుకెళ్లింది. అంతకు ఎనిమిది నెలల ముందే ఎదురింటి రిటైర్డ్ హెడ్‌మాస్టరుగారు ‘ఈ చెట్టు మొదలు పుచ్చిపోయింది, ఒకవైపు ఒరిగింది, తీసేయండి’ అని వీధివాళ్లందరి సంతకాలతో అర్జీ ఇచ్చారు. టపాలు ముద్ర వేసిన కాపీ ఆయన దగ్గర ఉంది. సంతకాల్లో ఈమె భర్త సంతకం కూడా ఉంది.

మున్సిపాలిటీ వాళ్లు మొదట ప్రకృతి వైపరీత్యమన్నారు. తర్వాత ఆ రోడ్డు ఆర్ అండ్ బీ వాళ్లదన్నారు. చివరికి, కరెంటు వాళ్లు తీగల కోసం ఒకవైపే కొమ్మలు కొట్టడం వల్ల చెట్టు ఒరిగిందన్నారు. కౌన్సిలరేమో ‘కాగితం పెట్టకండి, నేను మాట్లాడి ఏదో ఒకటి ఇప్పిస్తా’ అంటున్నారు. అలా నాలుగు నెలలు గడిచాయి. వీటన్నిటి కంటే ఆమెను ఎక్కువగా బాధపెడుతున్నది ఇంకొకటి. సొంత మరిది అదే మున్సిపాలిటీలో ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి. ‘పోయింది పోయింది, వాడి కడుపు కొట్టొద్దు’ అని అత్తగారు కన్నీళ్లు పెట్టుకుంటున్నారు. అన్నయ్య మాత్రం కొత్త చట్టం ప్రకారం లక్ష రూపాయలు వస్తుందంటూ వాట్సాప్ మెసేజ్ పంపి, వదలొద్దంటున్నారు. ఈఎంఐ ఆగడం లేదు. ‘గవర్నమెంటు మీద మాలాంటివాళ్లు గెలుస్తారా? గెలవాలంటే ఇల్లు పాడు చేసుకోవాలా?’ అని అడిగారు.

అమ్మా,

మీ ఉత్తరాన్ని మొదటిసారి చదివినప్పుడు మీ కష్టం కనిపించింది. రెండోసారి చదివితే మీ బలం కనిపించింది. మీరు యథాలాపంగా రాసిన మూడు మాటల్లోనే ఈ కేసు మొత్తం ఉంది. దుంగలను మున్సిపాలిటీ ట్రాక్టరు ఎత్తుకెళ్లిందన్నది ఒకటి. అర్జీ కాపీ మీద టపాలు ముద్ర ఉందన్నది రెండోది. మూడోది ఉత్తరం చివర, బ్రాకెట్లో రాశారు: ‘పోయినేడు సైడు కాలువకు జేసీబీతో చెట్టు మొదలు దాకా తవ్వారు’. ఆ బ్రాకెట్ తీసేసి దాన్ని మొదటి వాక్యంగా రాయాల్సింది. ఎందుకో చెబుతాను. దానికంటే ముందు ఈరోజే చేయాల్సిన పని ఒకటి ఉంది.

మీ ఇన్సూరెన్స్ కాగితం తీయండి. ‘ఫైనాన్స్ వాళ్లు ఏదో కట్టించారు, అందులో ఏముందో తెలియదు’ అని రాశారు. అప్పు నడుస్తున్నంత కాలం ఫైనాన్స్ సంస్థలు తమ భద్రత కోసం సాధారణంగా ఫుల్ ఇన్సూరెన్సే పట్టుబట్టి కట్టిస్తాయి. కాబట్టి మీకు తెలియకుండానే అది ఉండే అవకాశం గట్టిగా ఉంది. పాలసీలో ‘ఓన్ డ్యామేజ్’ (మన బండికే జరిగే నష్టం) అన్న మాట, దానికి ఎదురుగా ప్రీమియం, ఆ రాత్రికి చెల్లుబాటయ్యే తేదీ ఉన్నాయేమో చూడండి. ‘థర్డ్ పార్టీ’ ఒక్కటే ఉంటే ఈ దారి మూసుకున్నట్టే. అది మన బండి వల్ల ఇతరులకు జరిగిన నష్టానికే వస్తుంది. ఓన్ డ్యామేజ్ ఉంటే మాత్రం చెట్టు కూలి బండి దెబ్బతినడం అందులోకి వస్తుంది. అప్పుడు చెట్టు ఎవరిది, తప్పు ఎవరిది అన్న ప్రశ్నే లేదు.

నాలుగు నెలలు ఆలస్యమైందే అని వెనక్కి తగ్గకండి. వెంటనే తెలపాలన్నది పాలసీ షరతే. అయితే నిజమైన క్లెయిమును ఆలస్యం అనే ఒక్క కారణంతో తోసిపుచ్చొద్దని బీమా నియంత్రణ సంస్థ 2011లోనే కంపెనీలకు చెప్పింది. ఆలస్యం ఎందుకైందో ఉన్నదున్నట్టు రాయండి: మున్సిపాలిటీ ఇస్తుందని ఎదురుచూశాం, పాలసీ సంగతి మాకు తెలియదు అని. నిరాకరిస్తే రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. దాని మీద కంపెనీ ఫిర్యాదు విభాగానికి, ఆ తర్వాత ఏడాదిలోపు, బీమా తగవులు తీర్చే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. అక్కడ ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. నష్టం అంచనా వేయడానికి కంపెనీ పంపే సర్వేయరు వచ్చి చూసేదాకా బండి రిపేరు మొదలుపెట్టించకండి.

ఇన్సూరెన్స్ వచ్చినా మొత్తం రాదు. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగం కోత పడుతుంది. ఇనుప భాగాలకు బండి వయసును బట్టి తగ్గిస్తారు. అద్దానికి మాత్రం కోత ఉండదు. ఇది కాక 1,000 లేదా 2,000 రూపాయలు మీ వాటాగా పోతుంది. అలా రాకుండా మిగిలిన మొత్తం కోసం మున్సిపాలిటీని అడగొచ్చు. కంపెనీ ఇచ్చిన భాగాన్ని మళ్లీ అడిగే హక్కు మీకు ఉండదు, అది కంపెనీకి వెళ్తుంది. ఒకే నష్టానికి రెండు చోట్ల డబ్బు తీసుకోవడం కుదరదు. ఎవరైనా అలా సలహా ఇస్తే వినకండి.

బాడుగ విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే మీరు నష్టం లెక్కలో ‘ఆదివారం బాడుగలు పోయినవి’ అని ఒక మొత్తం వేశారు. దాన్ని తీసేయండి. సొంత బోర్డు బండిని బాడుగకు తిప్పడం చట్టానికీ పాలసీకీ విరుద్ధం. ఆ రాత్రి బండి ఇంటి ముందు ఖాళీగా నిలబడి ఉంది, దెబ్బతిన్నది ఆ స్థితిలో. అదే నిజం, అదే చెప్పండి. అడిగితే అబద్ధం చెప్పొద్దు. చట్టంలో చోటులేని ఆదాయాన్ని నష్టంగా చూపిస్తే న్యాయంగా రావాల్సిన రిపేరు డబ్బు కూడా అనుమానంలో పడుతుంది. దాని బదులు, కారు లేనందువల్ల అత్తగారిని వేలూరు తీసుకెళ్లడానికి ట్యాక్సీకి ఇచ్చిన డబ్బుకు రసీదులు ఉంటే అవి వేయండి. అది అడగదగిన నష్టం.

పాలసీలో ఓన్ డ్యామేజ్ లేకపోతే, లేదా కంపెనీ ఇచ్చింది చాలకపోతే, మిగిలింది మున్సిపాలిటీయే. మీ మనసులో ఒక చిక్కుంది. చెట్టు మున్సిపాలిటీది అయితే చాలు, డబ్బు వచ్చేస్తుందని మీ అన్నయ్య అంటున్నారు. చెట్టు తనంతట తను పడితే ఎవరేం చేస్తారని మీ అత్తగారు అంటున్నారు. చట్టం ఈ రెండిట్లో దేన్నీ పూర్తిగా ఒప్పుకోదు.

సుప్రీంకోర్టు దాకా వెళ్లిన రెండు చెట్టు కేసులు ఉన్నాయి. రెండింట్లోనూ పోయింది మనుషుల ప్రాణాలే. గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో రోడ్డు మీద నడిచి వెళ్తున్న ఒక ఉద్యోగి మీద చెట్టు కూలింది. 1997లో సుప్రీంకోర్టు కార్పొరేషన్ బాధ్యత లేదంది. చెట్లు నాటి పెంచే బాధ్యత చట్టం అప్పగించినంత మాత్రాన పడిన ప్రతి చెట్టుకూ పరిహారం కట్టమనలేమని, ఆ చెట్టు పడుతుందని ముందే పసిగట్టే పరిస్థితి కార్పొరేషన్‌కు లేదని చెప్పింది. రెండో కేసు ఢిల్లీది. స్కూటర్ మీద వెళ్తున్న మనిషి మీద కొమ్మ విరిగిపడింది. 1999లో సుప్రీంకోర్టు అక్కడి కార్పొరేషనే పరిహారం కట్టాలంది. చెట్టు ఎండిపోయి పడిపోయే స్థితిలో ఉందన్న సంగతి దాని యజమానికి తెలిసినా, తెలిసి ఉండాల్సిందైనా బాధ్యత తప్పదన్నది ఆ తీర్పు సారం.

ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చూస్తే మీ కేసు ఎక్కడ గెలుస్తుందో, ఎక్కడ ఓడుతుందో తెలుస్తుంది. చెట్టు పడిందా లేదా అన్నది కాదు, పడుతుందని వాళ్లకు ముందే తెలుసా అన్నదే ప్రశ్న. ఎనిమిది నెలల ముందు పెట్టిన అర్జీ మీద కార్యాలయం ముద్ర, తేదీ, నంబరు ఉన్నాయంటే, తెలియదని చెప్పే దారి వాళ్లకు మూసుకుపోయింది. ఆ హెడ్‌మాస్టరుగారు మీకెంత మేలు చేశారో ఆయనకు కూడా తెలిసి ఉండదు. ఆ కాపీని కళ్లకద్దుకోవాలి. జిరాక్సు మాత్రమే మీరు తీసుకుని, ముద్ర ఉన్న అసలు కాగితాన్ని ఆయన దగ్గరే భద్రంగా ఉంచమనండి. రేపు సాక్ష్యం చెప్పాల్సింది ఆయనే.

కాలువ సంగతి ఇంకా పెద్దది. అర్జీ మీద కదలకపోవడం చేయాల్సిన పని చేయకపోవడం. జేసీబీతో వేళ్లు తెగేలా తవ్వడం అలా కాదు, అది తామే ప్రమాదం సృష్టించడం. చేయని పని కంటే చేసిన తప్పు పనికి బాధ్యత మోపడం కోర్టుకు చాలా సులువు. పైగా నిద్రగన్నేరు వేళ్లు లోతుకు దిగవు, పైపైనే పక్కలకు పాకుతాయి. ఒకవైపు వేళ్లు తెగి, ఇంకోవైపు కొమ్మల బరువు మిగిలితే ఆ చెట్టు నిలవడం కష్టం. మీరు పంపిన ఫొటోలో పడిపోయిన చెట్టు మొదలు దగ్గర ఒకవైపు వేళ్లు నున్నగా కోసినట్టు కనిపిస్తున్నాయి. ఆ ఫొటో ఫోన్‌లో అసలు ఫైలుగా అలాగే ఉండనివ్వండి. వాట్సాప్‌లో పంపిన కాపీ సరిపోదు. కోర్టులో దాఖలు చేసేటప్పుడు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధృవీకరణ పత్రం జత చేయాలి, అది లాయరు చూసుకుంటారు. కాలువ తవ్వినప్పుడు వీధిలో ఎవరైనా ఫొటో తీశారేమో ఇల్లిల్లూ అడగండి. పెళ్లి ఫొటోలోనో పిల్లల పుట్టినరోజు వీడియోలోనో వెనకాల ఆ గుంత కనిపించినా పనికొస్తుంది.

ఇక చెట్టు ఎవరిదన్న తగాదా. పట్టణం మధ్యలోంచి పోయే పెద్ద రోడ్లు కొన్ని ఆర్ అండ్ బీ చేతిలో ఉండటం నిజమే. కానీ చెట్టు తమది కానప్పుడు దుంగలు ఏ హక్కుతో ఎత్తుకెళ్లారు? వాటిని యార్డులో పెట్టారా, వేలం వేశారా, ఆ డబ్బు ఏ పద్దులో జమ అయింది? కలప తమది, కూలిన బాధ్యత మాత్రం వేరేవాళ్లది అనడం కుదరదు. ఈ ప్రశ్నలు కౌంటరు దగ్గర నోటితో అడగొద్దు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో కాగితం మీద అడగండి. ఫలానా తేదీ, ఫలానా నంబరు అర్జీ మీద తీసుకున్న చర్య, ఎవరి టేబుల్ మీద ఎన్నాళ్లు ఉంది, నోట్ ఫైలు కాపీ. సైడు కాలువ పని కాంట్రాక్టు ఎవరికి ఇచ్చారు, దాని ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) కాపీ. ఆ వీధిలో చెట్ల కొమ్మలు కొట్టిన వివరాలు. దుంగల లెక్క. రోడ్డు ఎవరి ఆధీనంలో ఉందో ఆర్ అండ్ బీ కార్యాలయానికి ఇంకో దరఖాస్తు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే పై అధికారికి అప్పీలు.

చెట్టు కొట్టాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి, అది రాలేదు అని వాళ్లు చెప్పొచ్చు. 2002 నాటి ఆ చట్టం నిజంగానే ఉంది. అయితే అనుమతి కోసం వాళ్లు ఏ తేదీన రాశారో అదే సమాచార హక్కు దరఖాస్తులో అడగండి. అసలు రాయనే లేదని తేలితే వాళ్ల సాకే వాళ్లకు ఎదురుతిరుగుతుంది.

మీ వైపు ఉన్న బలహీనతలు కూడా చెప్పాలి. మీ భర్త ఆ అర్జీ మీద సంతకం చేశారు. చెట్టు ప్రమాదమని మీకూ తెలుసు కదా, తెలిసీ దాని కిందే ఎందుకు నిలిపారని ఎదుటి లాయరు మొట్టమొదట అడుగుతాడు. జవాబు సిద్ధంగా ఉండాలి: ఇంటి ముందు ఇంకెక్కడా చోటు లేదు, అక్కడ నిలపొద్దని బోర్డు లేదు, చెట్టు తీసేసే అధికారం మాకు లేదు, అధికారం ఉన్నవాళ్లకు చెప్పి ఎదురుచూశాం. ఇంత చెప్పినా కోర్టు కొంత భాగం మీ మీద వేసి డబ్బు తగ్గించొచ్చు. వైపరీత్యం అన్న వాదనకు ఆ రాత్రి వాతావరణమే జవాబు. మన వైపు ఈశాన్య రుతుపవనాల కాలంలో తుపాను వస్తే వేల చెట్లు పడతాయి, అలాంటి రాత్రి అయితే మీ కేసు చాలా బలహీనపడేది. గాలి లేదని మీరు అంటున్నారు కాబట్టి, ఆ తేదీకి మీ ప్రాంతపు వర్షం, గాలి వివరాలు వాతావరణ శాఖ నుంచి తీసుకోవాలి. ఆ రాత్రి వీధిలో ఇంకే చెట్టూ పడలేదన్నది కూడా సాక్ష్యమే. ఇంకో సంగతి, పాత కారుకు కొత్త సామాను వేస్తే ఆ ధర మొత్తం కోర్టు ఇవ్వకపోవచ్చు. బండి మార్కెట్ విలువ దాటి అసలే ఇవ్వదు. ఒక్క షెడ్డు ఎస్టిమేటు కాకుండా రెండో చోట కూడా రాయించుకోండి.

అన్నయ్యగారి లక్ష రూపాయల మెసేజ్ గురించి. 2019లో మోటారు వాహనాల చట్టానికి 198ఎ అనే సెక్షన్ చేర్చారు, అది నిజం. రోడ్డు నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించనందువల్ల ఎవరైనా చనిపోయినా వికలాంగులైనా బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా. బండి నష్టానికి వర్తించదు, ఆ జరిమానా మన చేతికి రాదు, నిధికి వెళ్తుంది. దాని మీద ఆశ పెట్టుకోకండి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమని కూడా ఎవరో చెప్పారన్నారు. డబ్బు కట్టి టిక్కెట్టు తీసుకున్న పార్కింగ్ స్థలంలో ఇది జరిగి ఉంటే ఆ దారి బాగుండేది. ఇంటి ముందు వీధిలో అలా కాదు. పన్ను కట్టినంత మాత్రాన మున్సిపాలిటీ దగ్గర సేవ కొన్నట్టు కాదని అక్కడే ఆగిపోయే ప్రమాదం ఎక్కువ.

కౌన్సిలర్ మాట సంగతి. ఆయన మంచి మనసుతోనే అంటున్నారనుకుందాం. అయినా ఆయన ‘ఇప్పిస్తా’ అన్న డబ్బు ఏ పద్దులోంచి వస్తుంది? కమిషనర్ తనంతట తాను ఒక ఇంటికి లక్షకు పైగా రాసిస్తే ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది, ఆ మొత్తం ఆయన జీతంలోంచి రాబట్టమనవచ్చు. చాలామంది అధికారులు మనం చెప్పేది న్యాయమని ఒప్పుకుంటూనే కదలకపోవడానికి కారణం ఈ భయమే. వాళ్లు సంతకం పెట్టాలంటే వెనక ఒక ఆధారం కావాలి. ‘కాగితం పెట్టకండి’ అన్న సలహా అందుకే మీకూ మంచిది కాదు, వాళ్లకూ మంచిది కాదు. ఇలా ఎదురుచూడటంలో ఇంకా పెద్ద ప్రమాదం గడువు. చట్టం కింద చేయాల్సిన పని చేసినందుకో, చేయనందుకో నష్టపరిహారం కోరే దావాకు కాలపరిమితి చట్టం ఇచ్చే గడువు సంఘటన జరిగిన రోజు నుంచి ఒక్క ఏడాది. అందులో నాలుగు నెలలు పోయాయి. దావాకు ముందు మున్సిపాలిటీకి రాతపూర్వక నోటీసు ఇవ్వడం తప్పనిసరి. ఆర్ అండ్ బీని, అంటే రాష్ట్ర ప్రభుత్వాన్ని, చేరిస్తే రెండు నెలల నోటీసు ఇచ్చి ఆగాలి. కాబట్టి ఆరు నెలలు నిండకముందే నోటీసులన్నీ వెళ్లిపోవాలి. మున్సిపాలిటీ, ఆర్ అండ్ బీ, కరెంటు సంస్థ మూడింటికీ ఒకేసారి పంపించమని లాయరుకు చెప్పండి. నింద ఒకరి మీద ఒకరు వేసుకునే పని మీ వాకిట్లో కాకుండా జడ్జిగారి ముందు జరగాలి.

‘లాయరు ఫీజుకే సగం పోతుంది’ అని భయపడ్డారు. బండి మీ పేరు మీద ఉందని రాశారు చూశారా, అది ఇక్కడ పనికొస్తుంది. న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, కోర్టు ఫీజు కూడా వాళ్లే చూస్తారు. చిత్తూరు కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఒక తెల్లకాగితం మీద దరఖాస్తు రాసుకుని వెళ్లండి. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

అక్కడే దావా కంటే ముందు వేయగల ఒక అడుగుంది, నాకు మీ విషయంలో అదే ఎక్కువ నచ్చుతోంది. కేసు వేయకముందే లోక్ అదాలత్ ముందు పెట్టమని కోరొచ్చు, దాన్ని ప్రీ లిటిగేషన్ కేసు అంటారు. మున్సిపాలిటీకి నోటీసు పంపి పిలుస్తారు. ఫీజు లేదు. రాజీ కుదిరితే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. ఆడిట్‌కు చూపించడానికి కమిషనర్‌కు ఒక గట్టి కాగితం దొరుకుతుంది. అందుకే కార్యాలయంలో ఇవ్వలేనివాళ్లు అక్కడ ఇవ్వగలుగుతారు. దీనికి మీరు చెల్లించాల్సిన ధర, మొత్తం రాకపోవడం. 1,40,000కు 70, 80 వేల దగ్గర తేలొచ్చు. ఎంతకు దిగొచ్చో ఇంట్లో ముందే మాట్లాడుకుని వెళ్లండి. అక్కడ ఒత్తిడిలో సంతకం పెట్టకండి, తర్వాత తిరగదోడలేరు. కుదరకపోతే దావా హక్కు అలాగే ఉంటుంది. కాకపోతే వాయిదాల్లో పడి ఏడాది గడువు మర్చిపోకూడదు.

దావా వేస్తే మీకు ఆధారాలు బాగానే ఉన్నాయి. గెలిచే అవకాశం ఉంది, వడ్డీ కూడా రావొచ్చు. కానీ ఏళ్లు పడుతుంది. ఓడినవాళ్లు అప్పీలుకు పోతారు. ప్రతి వాయిదాకూ కుట్టుపని ఆపుకుని వెళ్లాలి. హెడ్‌మాస్టరుగారి వయసు కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇప్పటికిప్పుడు ఈఎంఐ భారం తగ్గించేది మాత్రం దావా కాదు.

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వమని కూడా చెబుతారు. ఇవ్వండి. డబ్బు ఇప్పించే అధికారం అక్కడ లేదు, కానీ ఇంకో తేదీ, ఇంకో నంబరు చేతికొస్తాయి.

మీ మరిది సంగతి చివరికి ఉంచాను, తేలికైనదని కాదు. మీ అత్తగారి భయాన్ని తీసిపారేయకండి. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగంలో భద్రత ఎంత ఉంటుందో ఆమెకు తెలుసు. వదిన పరిహారం అడిగిందని మరిదిని తీసేసే నిబంధన ఎక్కడా లేదు. కానీ సూపర్‌వైజరు ముఖం మాడ్చుకోవచ్చు, డ్యూటీ మార్చొచ్చు. అది జరగదని నేను మాట ఇవ్వలేను. మీ చేతిలో ఉన్నది, అతన్ని దీనికి పూర్తిగా దూరంగా ఉంచడం. ‘ఆ ఫైలు ఫొటో తీసి తేవయ్యా’ అని పొరపాటున కూడా అడగకండి. అలా బయటికొచ్చిన కాగితం నిజంగానే అతని ఉద్యోగానికి ముప్పు. అందుకే సమాచార హక్కు దారి చెప్పాను, ప్రతి కాగితం కార్యాలయం తనంతట తాను ఇచ్చిందే అవుతుంది. సాక్షిగా అతని పేరు రాయకండి. అర్జీల్లో ఏ ఉద్యోగినీ పేరు పెట్టి తిట్టకండి, కమిషనర్ పదవిని ఉద్దేశించి మాత్రమే రాయండి. లోక్ అదాలత్ నాకు నచ్చడానికి ఇది కూడా ఒక కారణం, అక్కడ తగవు మాట మర్యాదగా నడుస్తుంది.

మీ మరిదితో మీరే మాట్లాడారా? ఉత్తరం మొత్తంలో అత్తగారి మాటలున్నాయి, భర్త మాటలున్నాయి, అతని మాట ఒక్కటీ లేదు. ఆయన మీద పడే ప్రభావం గురించి అందరూ నిర్ణయాలు చేసేస్తున్నారు, ఆయన్ను తప్ప. నోటీసు వెళ్లకముందు మీ దంపతులిద్దరూ కూర్చుని ‘ఇదీ మేం చేయబోయేది, నీ పేరు ఎక్కడా రాదు, నీకేమనిపిస్తోంది’ అని అడగండి. ‘వేయండి వదినా’ అంటే అత్తగారికి ఆ మాట అతని నోటినుంచే వినిపించండి. నిజంగా భయపడితే, కాంట్రాక్టు రెన్యువల్ ఎప్పుడో చెబితే, ఇన్సూరెన్స్, సమాచార హక్కు పనులు ఈలోపు నడిపించి, నోటీసును ఆరు నెలల గడువు లోపలే ఆ తేదీ తర్వాతికి జరపొచ్చేమో చూడండి.

వదిలేయడం కూడా ఒక దారే, దాన్ని పిరికితనం అనను. ఇన్సూరెన్స్ నుంచి చాలా భాగం వచ్చేసి, మిగిలింది ఇరవై ముప్పై వేలే అయితే, దానికోసం ఇంట్లో నెలల తరబడి టెన్షన్ పెట్టుకోవాలా అని మీరిద్దరూ ఆలోచించుకోవచ్చు. ఇన్సూరెన్స్ అసలే లేక 1,40,000 మొత్తం మీ మీదే పడితే మాత్రం, ముద్ర వేసిన అర్జీ చేతిలో పెట్టుకుని మౌనంగా ఊరుకోమని నేను చెప్పలేను. ఆ డబ్బు మీరు ఎన్ని జాకెట్లు కుడితే వస్తుందో మీకు తెలుసు. పైగా ఆ వీధిలోనే ఇంకో రెండు నిద్రగన్నేరు చెట్లు, అదే కాలువ గట్టు మీద ఉన్నాయని రాశారు. వాటి గురించి హెడ్‌మాస్టరుగారి చేత ఇంకో అర్జీ ఇప్పించండి, ఫొటోలతో. ఈసారి పిల్లలు ఆడుకునే చోటని కూడా రాయండి. ఇది మీ డబ్బు కోసం కాదు. మీరు పరిహారం అడిగినా, మానుకున్నా ఆ అర్జీ మాత్రం ఈ వారమే వెళ్లాలి.

షెడ్డు ఆయన ‘చోటు ఖాళీ చేయండి’ అంటున్నాడన్నారు. బండిని తుక్కు కింద అమ్మేయాలనే ఆలోచన ఇప్పుడే వద్దు. సర్వేయరు చూడాలి. నాలుగు వైపుల నుంచి, లోపలి నుంచి, నంబరు ప్లేటు కనిపించేలా ఫొటోలు తీయాలి. ఆ తర్వాత అప్పు ఉంది కాబట్టి ఫైనాన్స్ వాళ్ల అనుమతి లేకుండా అమ్మడానికి లేదు. రిపేరు చేయించాల్సి వస్తే, మార్చిన భాగాలు షెడ్డులోనే వదలకుండా ఒక గోతంలో కట్టించి ఇంటికి తెచ్చుకోండి. బిల్లు పక్కా జీఎస్టీ బిల్లు, మీ పేరు మీద ఉండాలి. పాలసీ కాగితంలో ఏముందో చూసి మళ్లీ రాయండి. ఓన్ డ్యామేజ్ లేదని తేలితే నోటీసులో ఏమేం రాయాలో అప్పుడు వివరంగా మాట్లాడుకుందాం.